తెరచాప విప్పని పడవని సెయిలింగ్ క్రూయిజ్ అనకండి

సంపాదకులు గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ ట్రావెల్ పేజీలో ఉష్ణమండల దీవుల్లో సెలవుల గురించి వేసిన వ్యాసం చదివాను, బాగుంది, బీచ్‌ల గురించీ స్నార్కెలింగ్ గురించీ ఓపిగ్గా రాశారు, కానీ ఒక్క చోట ఆగిపోయాను. స్పీడ్ బోట్ గానీ సెయిలింగ్ క్రూయిజ్ గానీ ఏదో ఒకటి బుక్ చేసుకుని ఓ పూట సముద్రం మీద తిరిగి రావచ్చు అన్నట్టు రాశారు. ఆ రెండిటినీ ఒకే గాటన కట్టేశారు సార్. రెండిట్లోనూ కూర్చుని వచ్చినదాన్ని కాబట్టి ఆ తేడా చెప్పకుండా ఉండలేక ఈ ఉత్తరం రాస్తున్నా, కాస్త పెద్దదైంది, వీలైతే మొత్తం వేయండి.

ముందు మాకు జరిగింది చెప్తాను. దీవి పేరూ కంపెనీ పేరూ రాయను, ఎవర్నో రచ్చకీడ్చడం నా ఉద్దేశం కాదు. నేను, మావారు, పదేళ్ల మా అమ్మాయి, మా నాన్న కలిసి వెళ్లాం. మొదటి రోజు బుక్ చేసుకున్న ట్రిప్ పేరే "సెయిలింగ్ క్రూయిజ్", ప్రకటనలో తెల్లటి తెరచాప గాలికి నిండుగా ఉబ్బి ఉన్న పడవ ఫోటో. తీరా ఎక్కాక ఒడ్డు నుంచి మొదలైన ఇంజిన్ మళ్లీ ఒడ్డుకి వచ్చేదాకా ఆగలేదు, మధ్యలో ఈతకి ఆపిన గంట తప్ప. తెరచాప మాత్రం చుట్టచుట్టి కవర్లో కట్టేసి ఉంది, మేం దిగేదాకా ఆ కవర్ తీయనేలేదు. పైగా స్పీకర్లో పాటలు ఎంత గట్టిగా అంటే పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గరకి వంగాల్సిందే. గాలి వాటం ఎటుంటే అటు డీజిల్ పొగ వచ్చి మొహానికి కొడుతోంది, మా అమ్మాయికి వాంతులయ్యాయి. ఇదేంటండీ అని అడిగితే టైం సరిపోదు మేడం, తెరచాప ఎత్తితే నాలుగు చోట్లకి తిప్పలేం అన్నారు. గాలి లేదా అంటే ఉంది, నా టోపీ ఎగిరి నీళ్లలో పడేంత గాలి ఉంది!

ఇంక చాలు అనుకున్నాం కానీ మా నాన్నే, ఇంకోసారి చూద్దాం, నిజంగా తెరచాపతో నడిపేవాళ్లు ఈ ఊళ్లో ఒక్కరైనా ఉండరా అన్నారు. నాన్నకి 68 ఏళ్లు, ఈత రాదు, అయినా పట్టుబట్టారు. రెండు రోజులు అడిగి అడిగి ఒక చిన్న కాటమరాన్, అంటే రెండు తొట్ల తెరచాప పడవ, పట్టుకున్నాం, మాతో కలిపి పది మంది, ఒక కెప్టెన్, ఒక సహాయకుడు, అంతే.

రేవులోంచి బయటికి ఇంజిన్ మీదే వచ్చాం, అక్కడ తప్పదు, ఇరుకు దారి, చుట్టూ పడవలు. పగడపు దిబ్బ మధ్యలో ఉన్న సందు దాటాక కెప్టెన్ పడవ ముక్కుని నేరుగా గాలికి ఎదురు తిప్పారు, సహాయకుడు తాడు లాగుతుంటే తెరచాప జానెడు జానెడుగా పైకి లేచింది, లేస్తున్నంతసేపూ పటపటా కొట్టుకుంటూ భయపెట్టేంత చప్పుడు. తర్వాత చుక్కాని కాస్త పక్కకి తిప్పారో లేదో ఆ పటపట ఒక్కసారిగా ఆగిపోయింది, గుడ్డ బిగిసింది, పడవ ఎవరో వెనక నుంచి నెట్టినట్టు ముందుకి కదిలింది, అప్పుడు ఆయన చెయ్యి చాచి ఇంజిన్ ఆపేశారు. మా అమ్మాయి కంగారుగా ఇంజిన్ పాడైపోయిందా అని అడిగింది. లేదమ్మా, ఇంక దాంతో పని లేదు అన్నారాయన.

ఆ తర్వాత ఐదు నిమిషాలు పడవలో ఎవరూ మాట్లాడలేదు. పడవ పక్కలని ఒరుసుకుంటూ నీళ్లు పోతున్న చప్పుడు, తాడు బిగిసినప్పుడల్లా కిర్రుమనే చప్పుడు, అంతే. కాటమరాన్‌కి రెండు పొడవాటి తొట్లు ఉంటాయి కదా, ముందువైపు ఆ రెండిటి మధ్య వల బిగించి ఉంటుంది, నాన్న వెళ్లి దాని మీద బోర్లా పడుకున్నారు, లైఫ్ జాకెట్ వేసుకునే. కళ్ల కింద రెండు మూడు అడుగుల్లో సముద్రం పరిగెడుతోంది, అల తగిలినప్పుడల్లా వల సందుల్లోంచి నీళ్లు మొహం మీదకి చిమ్ముతున్నాయి. "మనం కదలట్లేదమ్మా, నీళ్లే కింద నుంచి పోతున్నట్టున్నాయి" అన్నారు. కాసేపటికి చెయ్యెత్తి ష్... అన్నారు. మాకెవరికీ కనపడలేదు గానీ ఆయనకి వినిపించింది, ఫుస్ మని ఎవరో గట్టిగా ఊపిరి వదిలినట్టు. తాబేలు. గాలి పీల్చుకోడానికి పైకొచ్చింది, పడవకి పది అడుగుల దూరంలో తల ఎత్తి, ఊపిరి తీసుకుని, మళ్లీ మునిగిపోయింది. మొన్నటి పడవలో కూడా తాబేళ్లని చూపించారు, వేలు పెట్టి అదిగో అదిగో అని అరిచి మరీ. కానీ తాబేలు ఊపిరి వినడం అనేది ఇంజిన్ ఆపితేనే అవుతుంది, దానికి ఇంకో దారి లేదు. నేను అడిగేది ఆ ఊపిరి గురించే సంపాదకులు గారూ.

తెరచాపతో వెళ్తే నెమ్మది, టైం వేస్ట్ అనేవాళ్లకి కూడా ఒక మాట. నిజమే, ఇలాంటి పడవ మంచి గాలిలో 6 నుంచి 8 నాట్ల వేగంతో పోతుంది, నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు, అంటే మన లెక్కలో 11 నుంచి 15 కిలోమీటర్లు, సైకిల్ మీద పోయినట్టు. స్పీడ్ బోట్ దానికి మూడు నాలుగు రెట్లు పోతుంది. కానీ సెలవులకి దీవికి వెళ్లింది ఎక్కడికో తొందరగా చేరడానికి కాదు కదా, చేరాల్సిన చోటు మీద ఆల్రెడీ నిలబడే ఉన్నాం. నాలుగు చోట్ల ఇరవయ్యేసి నిమిషాలు ఆపి తిప్పే కన్నా ఒక్క చోటకి గంటన్నర గాలి మీద వెళ్లి, అక్కడ తీరిగ్గా ఈదుకుని, మళ్లీ గాలి మీదే రావడం నా దృష్టిలో వంద రెట్లు మేలు.

అసలు ఉష్ణమండల దీవుల్లో గాలి లేదనే సాకు చాలా రోజుల్లో చెల్లదు కూడా. భూమధ్యరేఖకి అటూ ఇటూ సుమారు 30 డిగ్రీల దాకా వాణిజ్య పవనాలు అని వీస్తుంటాయి, ట్రేడ్ విండ్స్ అంటారే అవి, ఉత్తరార్ధగోళంలో ఈశాన్యం నుంచి, దక్షిణార్ధగోళంలో ఆగ్నేయం నుంచి, సీజన్లో రోజుల తరబడి ఒకే వైపు నుంచి. పాతకాలం సరుకు ఓడలన్నీ వాటిని నమ్ముకునే సముద్రాలు దాటాయి. కరీబియన్‌లోని బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌కి సెయిలింగ్ వాళ్లు అంతలా ఎగబడేది ఇందుకే, మధ్యలో సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ ఛానెల్ అనే సముద్రపు పాయ, రెండు వైపులా దీవుల వరస, ఒక దీవి దగ్గర లంగరు ఎత్తితే వెళ్లాల్సిన దీవి కళ్లెదురుగానే కనపడుతుంది, పైన నమ్మకంగా గాలి. ఆస్ట్రేలియాలో విట్సండేస్ 74 దీవులు, అక్కడా అంతే. దీవిలో పెద్ద కొండ ఉంటే దాని చాటున మాత్రం గాలి పడిపోతుంది, ఇంకోసారి కొండ సందుల్లోంచి గబుక్కున తోసుకొస్తుంది, అలాంటి చోట కాసేపు ఇంజిన్ వేస్తే ఎవరూ తప్పుపట్టరు. రేవులో, పగడపు దిబ్బల సందుల్లో, నిజంగా గాలి చచ్చిపోయినప్పుడు, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఇంజిన్ వేయాల్సిందే. మిగతా టైం అంతా ఎందుకు అన్నదే నా ప్రశ్న.

ఇంకోటి, గాలి వెనక నుంచి తోస్తే పడవ పోతుంది అనే నేనూ అనుకునేదాన్ని, అది సగమే నిజమట. కెప్టెన్ మా అమ్మాయికి చెప్తుంటే నేనూ విన్నాను. తెరచాప వంపు తిరిగి ఉంటుంది కాబట్టి రెండు వైపులా గాలి వేర్వేరుగా పారి, విమానం రెక్కకి జరిగినట్టే ఒత్తిడిలో తేడా వచ్చి పడవని లాగుతుంది, పక్కకి జారిపోకుండా నీళ్లలో ఉన్న అడుగు భాగం ఆపుతుంది, అందుకే గాలి పక్క నుంచి వచ్చినప్పుడే పడవ హుషారుగా పోతుంది. గాలికి నేరుగా ఎదురు మాత్రం ఏ తెరచాప పడవా పోలేదు, సుమారు 45 డిగ్రీలు ఇటు, తర్వాత 45 డిగ్రీలు అటు, మెలికలు తిరుగుతూ ఎక్కాలి. ప్రతి మెలిక దగ్గరా తెరచాప ఈ పక్క నుంచి ఆ పక్కకి పడుతుంది, కింద ఉండే అడ్డ దూలాన్ని బూమ్ అంటారు, తల వంచకపోతే నిజంగానే బుర్ర పగులుతుంది, ఆయన ముందే అందరితో రెండుసార్లు ప్రాక్టీస్ చేయించారు. మా అమ్మాయి అయితే తిరుగు ప్రయాణంలో తాడు వదలడం తన డ్యూటీగా తీసుకుంది, ఇప్పుడా అనడం, ఆయన తలూపడం, వదలడం. మొన్న వాంతులు చేసుకున్న పిల్లేనా ఇది అనిపించింది.

వాంతుల మాట వచ్చింది కాబట్టి, చాలామంది పడవ ఎక్కకపోడానికి అదే కారణం కాబట్టి చెప్తున్నా. చెవి లోపలి భాగం ఊగుతున్నాం అంటుంది, కళ్లేమో ఎదురుగా ఫోనో పుస్తకమో చూసి కదలట్లేదు అంటాయి, ఆ గొడవే కడుపులో తిప్పడం. ఫోన్ లోపల పెట్టేసి దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీత చూస్తూ కూర్చుంటే చాలావరకు సర్దుకుంటుంది, కూర్చునేది కూడా ఊపు తక్కువుండే మధ్యలోనో వెనకో. మాత్ర వేసుకునేట్టయితే డాక్టర్‌ని అడిగి ఎక్కడానికి ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే లాభం తక్కువ. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి కాటమరాన్ నయం, ఒకే తొట్టి ఉన్న పడవ గాలికి ఓ పక్కకి ఒరిగి పోతుంది, అలవాటు లేనివాళ్లకి గుండె జారిపోతుంది, కాటమరాన్ అంతగా ఒరగదు. అన్నట్టు ఆ మాట తమిళం కట్టుమరం నుంచి వెళ్లింది, కట్టిన మాను అని, దుంగలు కట్టిన తెప్ప. తర్వాత ఇంగ్లీషు వాళ్ల నోట్లో పడి రెండు తొట్ల పడవకి పేరైపోయింది. కెప్టెన్‌కి చెప్తే ఎంత సంతోషపడ్డారో, ఇన్నేళ్లుగా నడుపుతున్నా నాకు తెలీదు అని.

రెండు తొట్ల పడవలు మాత్రం పసిఫిక్ దీవుల వాళ్ల సొంత విద్య, ఎన్నో వందల ఏళ్ల కిందటి నుంచీ. 1976లో హోకులేయా అనే అలాంటి పడవని హవాయి నుంచి తాహితీ దాకా దిక్సూచి కూడా లేకుండా నడిపారు, 4,000 కిలోమీటర్లకి పైగా, నెల రోజుల పైచిలుకు, దారి చూపించినాయన మైక్రోనీసియాలోని చిన్న దీవి మనిషి మౌ పియైలుగ్, నక్షత్రాలూ అలల వాటం పక్షులూ చూసి. మనం ఓ పూట సరదాకి ఎక్కే పడవ వెనక అంత పెద్ద విద్య ఉంది. దాన్ని కవర్లో చుట్టిపెట్టి పాటలు పెట్టి తిప్పడం చూస్తే నాకు కడుపు మండుతుంది, దాచుకోను.

పగడాల గురించి కూడా రాయాలి, ఇది సరదా విషయం కాదు. సముద్రం అడుగున పగడపు దిబ్బలు ఉన్న చోటు ఒక్క శాతం కూడా ఉండదు, కానీ సముద్రపు జీవజాతుల్లో సుమారు పాతిక శాతానికి ఏదో ఒక దశలో అవే ఆసరా. రాయిలా కనపడే గుండ్రటి పగడం ఏడాదికి పెరిగేది మిల్లీమీటర్లలో, మహా అయితే ఒకటి రెండు సెంటీమీటర్లు. దాని మీద లంగరు వేస్తే లంగరు ఒక్కటే కాదు, దాని గొలుసు పడవతో పాటు అటూ ఇటూ ఈడ్చుకుంటూ చుట్టూ ఉన్నదంతా విరగ్గొడుతుంది. మొదటి ట్రిప్పులో మా కళ్ల ముందే గోధుమరంగు మచ్చల మీద లంగరు పడేశారు. రెండో కెప్టెన్ అక్కడ కట్టి ఉంచిన తేలే బుంగకి పడవ తాడు తగిలించారు, మూరింగ్ బోయ్ అంటారు దాన్ని, అది ఖాళీ లేకపోతే ఇసక చూసి అక్కడ వేస్తాను గానీ పగడం మీద వేయను అన్నారు. నీళ్ల రంగు చూసి ఎలా చెప్పాలో మాకూ నేర్పారు: ముదురు నీలం అంటే లోతు, లేత ఆకుపచ్చ నీలం అంటే తక్కువ లోతులో ఇసక, గోధుమ పసుపు అంటే పగడం, జాగ్రత్త. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడే ఇది బాగా తెలుస్తుంది, సాయంత్రం ఎదురెండలో నీళ్లన్నీ ఒకేలా మెరుస్తాయి, అందుకే దిబ్బల మధ్యకి పొద్దుపోయాక వెళ్లను అన్నారు.

సన్‌స్క్రీన్ సంగతి కూడా మీ వ్యాసంలో లేదు. పగడాలకి హాని అని ఆక్సిబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు ఉన్న వాటి అమ్మకాన్ని హవాయి 2021 జనవరి 1 నుంచి ఆపేసింది, దానికి ఏడాది ముందే పలావు అనే పసిఫిక్ దీవుల దేశం ఇంకా ఎక్కువ రసాయనాల మీద నిషేధం పెట్టింది. అన్నిటికన్నా తేలిక, నిండు చేతుల ఈత చొక్కా వేసుకోవడం. పడవ మీద గాలి చల్లగా తగులుతుంటే ఎండ తెలీదు, నీళ్ల మీద నుంచి కూడా వెలుగు తిరిగి కొడుతుంది, సాయంత్రానికి మావారి మెడ కమిలిపోయింది.

సూర్యాస్తమయం క్రూయిజ్ తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఉష్ణమండలంలో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు కాబట్టి ఇరవై పాతిక నిమిషాల్లో చీకటి పడిపోతుంది. ఏ నెలలో వెళ్లాలనేది కూడా చూసుకోవాలి, అట్లాంటిక్‌లో తుపాన్ల సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా, దక్షిణ హిందూ మహాసముద్రం, దక్షిణ పసిఫిక్‌లో దాదాపు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. కెప్టెన్ ఈ రోజు వద్దు అంటే బతిమాలకండి, గొడవ పెట్టుకోకండి.

మీ పాఠకులు బుక్ చేసే ముందు ఫోన్‌లోనే అడగాల్సినవి నేను ఎంత కష్టపడి నేర్చుకున్నానో చెప్పాను కదా, అవి ఇవే. తెరచాప ఎత్తి ఇంజిన్ ఆపి ఎంతసేపు నడుపుతారు? ఎంతమందిని ఎక్కిస్తారు? ఈతకి ఆపినప్పుడు బోయ్‌కి కడతారా, లంగరు వేస్తారా? పాటలు ఆపమంటే ఆపుతారా? పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా? నిజంగా సెయిలింగ్ చేసేవాళ్లు మొదటి ప్రశ్నకే హుషారుగా గాలి గురించి చెప్పడం మొదలుపెడతారు, రేపు ఇటు నుంచి ఉంటుంది, అందుకని ఫలానా వైపు వెళ్తాం అని. లేనివాళ్లు టైం టేబుల్ చదువుతారు, అక్కడే తేలిపోతుంది.

ఇంక మీకు నా విన్నపం. మీ ట్రావెల్ పేజీలో వ్యాసాలే కాదు, ప్రకటనలూ వస్తాయి. ఇంజిన్ మీద తిప్పే ట్రిప్ అమ్ముకోవడం తప్పేం కాదు, మోటర్ బోట్ టూర్ అని రాసుకోమనండి, ఇష్టమైనవాళ్లు వెళ్తారు. కానీ నిండా గాలి పట్టిన తెరచాప ఫోటో వేసి, సెయిలింగ్ అని పేరు పెట్టి, తెరచాప కవర్ కూడా విప్పకుండా తిప్పి దింపేయడం మోసమే, ఆ ఫోటో అచ్చేసే ముందు మీ ప్రకటనల విభాగం వాళ్లు ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఎంతసేపు తెరచాప మీద నడుపుతారు అని. వ్యాసం రాసేవాళ్లు కూడా ఆ లైన్ ఒకటి చేర్చండి. మా నాన్న లాంటివాళ్లు, ఈత రాకపోయినా సముద్రం మీద ఒకసారి గాలితో పోవాలని ఎన్నాళ్లుగానో అనుకుని వెళ్లేవాళ్లు, మళ్లీ వెళ్లగలరో లేదో తెలీదు. మాకు రెండో పడవ దొరికింది కాబట్టి సరిపోయింది, మొదటి ట్రిప్పుతోనే సెలవులు అయిపోయినవాళ్లు ఆ పడవలో మాతో చాలామందే ఉన్నారు.

ఇట్లు,
మీ పాఠకురాలు